వీల్‌చైర్ వ్యాన్ బిజినెస్‌కి ఇన్సూరెన్స్: వ్యాన్ ఆగి ఉన్నప్పుడు జరిగే ప్రమాదానికి ఎవరు కడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. డల్లాస్ దగ్గర మీరూ మీ ఆవిడా కలిసి, ఆంబులెన్స్ అవసరం లేని పేషెంట్లను ఆసుపత్రులకూ డయాలిసిస్ సెంటర్లకూ తీసుకెళ్లే కంపెనీ మొదలుపెడుతున్నారు. ర్యాంప్ ఉన్న వ్యాన్ ఒకటి కొన్నారు. నడవగలిగిన పేషెంట్ల కోసం ఇంట్లో ఉన్న మినీవ్యాన్ వాడాలనుకుంటున్నారు. శని, ఆదివారాలు మీ బావమరిది నడుపుతాడు. ట్రిప్పులు ఇచ్చే బ్రోకర్ 10 లక్షల డాలర్ల ఆటో లయబిలిటీ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే కవరేజీ) అడిగాడు. ఏజెంట్ ఒక కోట్ (ఏ కవరేజీకి ఎంత ప్రీమియమో చెప్పే కాగితం) పంపి ఇది చాలు అన్నాడు. నిజంగా చాలుతుందా, ప్రీమియం తగ్గించే దారి ఉందా అని అడుగుతున్నారు.

చాలదండీ. ఆ కోట్ బ్రోకర్ కంప్యూటర్‌లో మీ పేరు పక్కన టిక్కు పడటానికి సరిపోతుంది, అంతే. ఈ పనిలో నిజంగా జరిగే ప్రమాదాలకు అది సరిపోతుందా అనేది వేరే సంగతి.

నేను ఒహాయోలో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఒక వ్యాన్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. ముందుగా నాలుగో ఏడాది మాకు జరిగిన సంగతి చెబుతాను. మిగతాదంతా దాని వల్ల నేర్చుకున్నదే.

డయాలిసిస్ అయ్యాక ఒక పెద్దావిడను ఇంటికి తీసుకొచ్చాం. వ్యాన్ ఆపి, ఇంజన్ ఆపి, మా డ్రైవర్ ఆవిడ వీల్‌చైర్‌ను ర్యాంప్ మీద నుంచి దించుతున్నాడు. ర్యాంప్ చివర అంచు దగ్గర ముందు చిన్న చక్రం పట్టేసింది. కుర్చీ ముందుకు వాలి ఆవిడ కింద పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. నాలుగు గంటల డయాలిసిస్ తర్వాత మనిషికి బీపీ పడిపోయి ఉంటుంది, చేతులు చాచి ఆపుకునే శక్తి కూడా ఉండదు. ఆవిడ మళ్లీ తన ఇంటికి రాలేకపోయారు, నర్సింగ్ హోమ్‌లోనే ఉండిపోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

క్లెయిమ్ వేశాం. ఆటో పాలసీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: "వాహనం కదలడం లేదు, ఇది డ్రైవర్ పేషెంట్‌కు చేస్తున్న సేవ, ప్రొఫెషనల్ సర్వీసులు మా పాలసీలో లేవు." అదే వారం జనరల్ లయబిలిటీ (బండితో సంబంధం లేని ప్రమాదాలకు కట్టే పాలసీ) కంపెనీ నుంచి ఇంకో ఉత్తరం: "వాహనంలోంచి దించుతుండగా జరిగింది కాబట్టి ఇది ఆటో వాడకం, ఆటోకి సంబంధించింది మా పాలసీలో మినహాయింపు." రెండు పాలసీలకూ నేను ఒక్క నెల కూడా తప్పకుండా ప్రీమియం కట్టాను. అయినా మధ్యలో మిగిలింది నేనే. లాయర్లు, ఉత్తరాలు, పద్నాలుగు నెలల టెన్షన్. చివరికి రెండు కంపెనీలూ చెరికొంత కట్టాయి. లాయర్ ఖర్చు మాత్రం మా మీదే పడింది.

వ్యాన్ రోడ్డు మీద ఉన్నంతసేపూ కవరేజీ ఎవరిదనే గొడవ పెద్దగా రాదు. పేషెంట్‌ను తలుపు దగ్గర నుంచి తీసుకురావడం, ర్యాంప్ ఎక్కించడం, కుర్చీకి పట్టీలు బిగించడం, దించడం, క్లినిక్ కౌంటర్ దాకా తోసుకెళ్లడం, ఈ చోట్లలోనే పాలసీలకు పాలసీలకు మధ్య సందు ఉంటుంది. అందుకని మీ ఏజెంట్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: పేషెంట్ మా చేతిలో ఉన్న ప్రతి నిమిషానికీ, ఇంటి గుమ్మం నుంచి క్లినిక్‌లో కూర్చోబెట్టే దాకా, పడితే ఏ పాలసీ కడుతుంది? జవాబు ఈమెయిల్‌లో, పాలసీలో ఏ పేజీలో ఏ ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే మార్పు కాగితం) వల్లో చెబుతూ రావాలి. ఫోన్‌లో "కవర్ అవుతుంది సార్" అన్న మాటకు క్లెయిమ్ రోజున విలువ ఉండదు.

ఆ సందు మూయడానికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి, ఆటో, జనరల్ లయబిలిటీ, ప్రొఫెషనల్ లయబిలిటీ (సేవ చేయడంలో జరిగే పొరపాట్లకు కట్టేది) మూడూ వీలైతే ఒకే కంపెనీ దగ్గర తీసుకోవడం. అప్పుడు ఒకరి మీద ఒకరు తోసుకునే అవకాశం తగ్గుతుంది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా నేను ఇదే చేస్తాను. ఒకే చోట దొరకకపోతే, కనీసం ఆటో పాలసీలో ప్రొఫెషనల్ సర్వీసుల మినహాయింపు ఎండార్స్‌మెంట్ ఉందో లేదో వెతకండి. ఉంటే దానికి జోడీగా ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ ఉండి తీరాలి. అందులో ప్రయాణికులను ఎక్కించడం, దించడం, తోడుగా నడిపించడం అన్న మాటలు స్పష్టంగా ఉండాలి.

ఏజెంట్‌కు మీరు చేసే పని సరిగ్గా వర్ణించడం కూడా ఇక్కడే ముఖ్యం. పేషెంట్‌ను రోడ్డు పక్కన ఎక్కించుకుని రోడ్డు పక్కన దించడం ఒక రకం. తలుపు నుంచి తలుపు దాకా వెళ్లడం ఇంకో రకం. ఇంటి లోపలికి వెళ్లి మంచం దగ్గర నుంచి తీసుకురావడం మరో రకం. అప్లికేషన్‌లో మొదటిది రాసి మీరు మూడోది చేస్తుంటే, ఆ తేడా క్లెయిమ్ రోజున బయటపడుతుంది. స్ట్రెచర్ ట్రిప్పులు చేస్తామని మొదట్లో ఒప్పుకోకండి. చాలా కంపెనీలు దాన్ని విడిగా చూస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు.

ఇక మినీవ్యాన్ సంగతి. దాని మీద ఉన్నది మీ పర్సనల్ ఆటో పాలసీ. డబ్బు తీసుకుని మనుషులను తిప్పితే ఆ పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది, పబ్లిక్ ఆర్ లివరీ కన్వేయన్స్ అనే మినహాయింపు కింద. "మేం రోజుకు రెండు ట్రిప్పులే" అంటే కుదరదు. ఒక్క ట్రిప్పు అయినా అంతే. ప్రమాదం జరిగితే లయబిలిటీ రాదు, బండి రిపేరు రాదు, మీ కుటుంబ పాలసీయే రద్దు కావచ్చు. ఆ బండిని కంపెనీ కమర్షియల్ పాలసీలోకి ఎక్కించండి, లేదా ఇంటికే ఉంచుకోండి.

10 లక్షలు అన్నప్పుడు అది ఎలా రాశారో చూడండి. కంబైన్డ్ సింగిల్ లిమిట్ అని ఉంటే ఒక ప్రమాదంలో గాయాలకూ ఆస్తి నష్టానికీ కలిపి మొత్తం 10 లక్షల దాకా కడతారు. స్ప్లిట్ లిమిట్ అయితే విడదీసి ఉంటుంది. ఉదాహరణకు 100/300/50 అంటే ఒక మనిషికి లక్ష డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 3 లక్షలు, ఆస్తి నష్టానికి 50 వేలు. ఒక పేషెంట్‌కు సర్జరీ, రిహాబ్ కలిపి 2 లక్షల 40 వేలు అయిందనుకోండి. స్ప్లిట్ పాలసీ లక్ష కట్టి ఆగిపోతుంది, మిగతా లక్షా 40 వేలకు మీ కంపెనీ జవాబు చెప్పాలి. టెక్సస్‌లో మామూలు కార్లకు చట్టం అడిగే కనీసం 30/60/25 మాత్రమే. కొందరు ఏజెంట్లు ఆ అలవాటులోనే ఆలోచిస్తారు.

పాలసీ మొదటి పేజీల్లో కవరేజీ పక్కన చిన్న అంకెలు ఉంటాయి. చాలామంది వాటిని చూడరు, మీరు తప్పకుండా చూడండి. 1 అంటే ఏ వాహనమైనా, 7 అంటే పాలసీలో పేరు రాసిన వాహనాలు మాత్రమే, 8 అంటే అద్దెకు తీసుకున్నవి, 9 అంటే కంపెనీవి కాని వాహనాలు, అంటే ఉద్యోగి తన సొంత కారులో మీ పని మీద వెళ్లినప్పుడు. కొత్త కంపెనీకి 1 దొరకడం కష్టం, 7 ఇస్తారు. 7 ఒక్కటే ఉంటే మీ వ్యాన్ గ్యారేజీలో ఉన్న వారం అద్దెకు తెచ్చిన బండికి కవరేజీ ఉండదు. 8, 9 అడిగి వేయించుకోండి.

క్లాస్ కోడ్, అంటే మీది ఏ రకం పనో పాలసీలో చెప్పే కోడ్, అది కూడా చూడండి. ఈ పనిని పారాట్రాన్సిట్‌గా (వికలాంగులు, వృద్ధుల రవాణాగా) రాయాల్సిన చోట, ప్రీమియం తగ్గుతుందని సోషల్ సర్వీస్ సంస్థగా రాసే ఏజెంట్లు ఉన్నారు. సంతకం మీది, కాబట్టి తప్పు కూడా మీదే అవుతుంది.

మీ బావమరిది విషయం సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆయన పేరు డ్రైవర్ల జాబితాలో లేకపోతే స్టీరింగ్ ముట్టుకోకూడదు. మన ఇళ్లలో "ఈ ఒక్క రోజే కదా" అనుకుంటాం. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు డ్రైవర్‌కు 25 ఏళ్లు నిండాలనీ, అమెరికాలో కొన్నేళ్ల డ్రైవింగ్ రికార్డు ఉండాలనీ అడుగుతాయి. ఇండియాలో పదేళ్లు నడిపిన అనుభవం ఇక్కడ రికార్డులో కనిపించదు. పైగా ఇది ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది మాత్రమే కాదు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య పథకం) కింద ఈ రవాణా సదుపాయాన్ని 2020 డిసెంబర్‌లో చేసిన చట్టంతో నేరుగా ఫెడరల్ చట్టంలోకే చేర్చారు. ప్రతి డ్రైవర్‌కూ చెల్లే లైసెన్స్ ఉండాలి, ట్రాఫిక్ ఉల్లంఘనలతో సహా డ్రైవింగ్ చరిత్రను రాష్ట్రానికి తెలపాలి, డ్రగ్స్ కేసుల విషయంలో ఏం చేస్తారో పద్ధతి ఉండాలి, ఫెడరల్ ఆరోగ్య పథకాల నుంచి నిషేధించిన వాళ్లు ఉండకూడదు అని అందులో ఉంది. బావమరిదిని తీసుకోవాలనుకుంటే రికార్డు తీయించి, జాబితాలో చేర్చి, ట్రైనింగ్ ఇప్పించి తీసుకోండి.

ఆటోలో ఇంకో రెండు ముక్కలు. టెక్సస్‌లో అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ కవరేజీ, పిప్ (తప్పు ఎవరిదైనా వైద్య ఖర్చులు కట్టే కవరేజీ) వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దని సంతకం చేయాలి. ఏజెంట్ పంపిన కాగితాల కట్టలో ఆ సంతకం కూడా ఉండొచ్చు, చూసి చేయండి. ఇన్సూరెన్స్ లేని వాడెవడో వచ్చి గుద్దితే మీ వ్యాన్‌లో కూర్చున్న పేషెంట్‌కు ఉపయోగపడేది ఈ కవరేజీయే. రెండోది, వ్యాన్ విలువ. ర్యాంప్, కిందికి దించిన ఫ్లోర్, పట్టీల సామాను కలిపి మార్పిడికే చాలా ఖర్చవుతుంది. ఆ విలువ పాలసీలో చేరిందో లేదో చూసుకోండి. స్టేటెడ్ అమౌంట్ అని రాసి ఉంటే, రాసిన మొత్తం, ఆ రోజు బండి అసలు విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఎక్కువ రాయించుకున్నంత మాత్రాన ఎక్కువ రాదు.

జనరల్ లయబిలిటీ మామూలుగా ఒక సంఘటనకు 10 లక్షలు, ఏడాదికి 20 లక్షలు అడుగుతారు. ఇది తేలికగానే దొరుకుతుంది. దాని లోపల కనపడకుండా ఉండే మినహాయింపు ఒకటుంది, దాని మీద మాత్రం కాస్త ఆగాలి. అబ్యూజ్ అండ్ మోలెస్టేషన్, అంటే వేధింపులు, లైంగిక దాడి ఆరోపణలు. చాలా పాలసీల్లో అది పూర్తిగా మినహాయింపు, లేదా లక్ష డాలర్ల చిన్న పరిమితితో ఇస్తారు. కాంట్రాక్ట్ 10 లక్షలు అడిగి ఉండొచ్చు. "మా దగ్గర అలాంటివాళ్లు లేరు" అని దాన్ని తీసేయించే యజమానులను చూశాను. దయచేసి అలా చేయకండి. మన బండిలో ఒంటరిగా కూర్చునేది మాట రాని పిల్లలు, మతిమరుపు ఉన్న పెద్దలు, కదలలేని మనుషులు. వాళ్లకు ఏదైనా జరిగితే ఆ కుటుంబానికి న్యాయం జరగాలన్నా, తప్పుడు ఆరోపణ వస్తే మీ డ్రైవర్ తరఫున వాదించడానికి లాయర్ ఉండాలన్నా ఈ కవరేజీ కావాలి. కెమెరా లోపలి వైపు కూడా పెట్టండి.

ప్రొఫెషనల్ లయబిలిటీ ఎక్కువగా క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలో ఇస్తారు. అంటే ప్రమాదం జరిగిన రోజు కాదు, క్లెయిమ్ వచ్చిన రోజు పాలసీ నడుస్తూ ఉండాలి. కంపెనీ మారేటప్పుడు రెట్రోయాక్టివ్ డేట్ (ఏ తేదీ నుంచి జరిగినవాటికి కవరేజీ ఉందో చెప్పే తేదీ) పాతదే ఉంచమనండి, లేదంటే వెనకటి ఏళ్లన్నీ ఖాళీ అయిపోతాయి.

వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి కట్టే ఇన్సూరెన్స్) మా ఒహాయోలో రాష్ట్ర ప్రభుత్వ ఫండ్ నుంచే తీసుకోవాలి, ప్రైవేటుగా దొరకదు. మీ టెక్సస్‌లో ప్రైవేటు యజమానికి అది తప్పనిసరి కాదు. అందుకని మానేసేవాళ్లు చాలామంది. కానీ మానేస్తే, దెబ్బ తగిలిన ఉద్యోగి కోర్టుకు వెళ్లినప్పుడు అతని అజాగ్రత్త కూడా ఉంది అని వాదించే వీలు మీకు ఉండదు. ఈ పనిలో డ్రైవర్లకు ఎక్కువగా పోయేది నడుము. బరువైన మనిషిని కుర్చీతో సహా ర్యాంప్ మీదకు రోజుకు పదిసార్లు తోయడం మామూలు శ్రమ కాదు. నేనైతే తీసుకోమంటాను. మీరిద్దరూ యజమానులే కాబట్టి మీరు కూడా అందులో చేరుతున్నారా లేదా అన్నది విడిగా రాయించుకోండి. డ్రైవర్లను 1099 మీద, అంటే ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగా పెట్టి తప్పించుకుందాం అనుకుంటే, ఏడాది చివర ఇన్సూరెన్స్ ఆడిట్‌లో వాళ్లకిచ్చిన డబ్బు మీద కూడా ప్రీమియం వేస్తారు. మేం ఒక ఏడాది అలా కట్టాం.

ఓక్లహోమా వైపు గానీ, లూసియానా వైపు గానీ ట్రిప్పు ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. రాష్ట్రం దాటి డబ్బు తీసుకుని మనుషులను తిప్పే 15 సీట్లు, అంతకు తక్కువ ఉన్న వ్యాన్‌కు ఫెడరల్ నిబంధన సాధారణంగా 15 లక్షల డాలర్ల లయబిలిటీ అడుగుతుంది. 16 సీట్లు, ఆపైన 50 లక్షలు. మీ 10 లక్షల పాలసీ అక్కడికి చాలదు, పర్మిట్ కూడా వేరే కావాలి.

కాంట్రాక్ట్ గురించి. టెక్సస్‌లో 2021 జూన్ నుంచి మెడికెయిడ్ ట్రిప్పులు హెల్త్ ప్లాన్ల చేతిలోకి వెళ్లాయి. వాళ్లు మోడివ్‌కేర్, ఎంటీఎం లాంటి ట్రిప్ బ్రోకర్ల ద్వారా మీకు పని ఇస్తారు. కాంట్రాక్ట్‌లో ఇన్సూరెన్స్ అని ఉన్న పేజీలు తీసి, ఏజెంట్‌కు పాలసీ కొనకముందే పంపండి. కొన్నాక పంపితే ప్రతి మార్పుకీ విడిగా డబ్బు, ఆలస్యం. వాళ్ల పేరును అడిషనల్ ఇన్సూర్డ్‌గా, అంటే మీ పాలసీ కింద వాళ్లకూ రక్షణ ఉండేలా చేర్చమంటారు. ఏజెంట్ ఇచ్చే సర్టిఫికెట్ ఒక్క పేజీ కాగితం, అది సమాచారం కోసమేనని, దానివల్ల ఏ హక్కూ రాదని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అసలు ఎండార్స్‌మెంట్ పాలసీలో ఉండాలి, దాని కాపీ మీ దగ్గర ఉండాలి.

కొత్త కంపెనీ కాబట్టి మీకు బహుశా సర్‌ప్లస్ లైన్స్ కంపెనీయే (మామూలు కంపెనీలు తీసుకోని రిస్కులను తీసుకునేది) దొరుకుతుంది. తప్పేమీ లేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ ఆ కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ ఫండ్ ఆదుకోదు కనుక ఏఎం బెస్ట్ (ఇన్సూరెన్స్ కంపెనీల ఆర్థిక బలాన్ని అంచనా వేసే సంస్థ) రేటింగ్ చూసుకోండి. టెక్సస్‌లో ప్రీమియం మీద 4.85 శాతం సర్‌ప్లస్ లైన్స్ పన్ను కూడా పడుతుంది, కోట్‌లో కలిపారో లేదో అడగండి. ప్రీమియం వాయిదాల్లో కట్టడానికి ఫైనాన్స్ కంపెనీని పెట్టుకుంటే ఆ తేదీ ఒక్కటీ తప్పకండి. వాయిదా తప్పితే మీ తరఫున పాలసీని రద్దు చేసే అధికారం మీరు సంతకం చేసిన కాగితంలోనే వాళ్లకు ఇచ్చి ఉంటారు. పాలసీ ఆగిందని తెలిస్తే బ్రోకర్ ట్రిప్పులు ఆపేస్తాడు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్‌కు మీ కోసం గుమ్మంలో ఎదురుచూసే మనిషికి ఆ రోజు బండి రాదు. ఒక్క విడత డయాలిసిస్ తప్పినా వాళ్ల ప్రాణానికే ముప్పు.

ప్రీమియం తగ్గించే దారి అడిగారు. మొదటి ఏడాది పెద్దగా తగ్గదు, నిజం చెప్పాలి. మూడో ఏడాదికి తగ్గాలంటే ఈ రోజు నుంచే మొదలుపెట్టాలి. ఆ పెద్దావిడ పడ్డాక మేం ప్రతి ట్రిప్పుకీ బండి కదలకముందు ఒక ఫొటో తీయడం మొదలుపెట్టాం: కుర్చీకి నాలుగు వైపులా నాలుగు పట్టీలు, మనిషికి నడుము బెల్టు, భుజం బెల్టు. కుర్చీకి పట్టీలు బిగించి మనిషికి బెల్టు మరిచిపోవడం కొత్త డ్రైవర్లు తరచు చేసే తప్పు. గట్టిగా బ్రేక్ వేస్తే చాలు, కుర్చీ కదలదు గానీ మనిషి జారి కింద పడిపోతాడు. ర్యాంప్ దించేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి, అలా చేస్తే మాకు ఆ ప్రమాదం జరిగేదే కాదు. డ్రైవర్లందరికీ పాస్ ట్రైనింగ్ (ప్రయాణికులకు సురక్షితంగా సాయపడటం నేర్పే కోర్సు) ఇప్పించాం, సర్టిఫికెట్లు ప్రతి రెన్యూవల్‌కీ అండర్‌రైటర్‌కు (పాలసీ ఇవ్వాలా, ఎంతకు అని తేల్చే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తికి) పంపుతాం. క్లెయిములు లేని మూడేళ్ల లాస్ రన్స్ (క్లెయిముల చరిత్ర రిపోర్టులు), కెమెరాలు, ఈ ఫొటోల పద్ధతి చూపించాక మామూలు కంపెనీల నుంచి ప్రీమియం కోట్‌లు రావడం మొదలైంది.

ఏజెంట్ నుంచి ఆ మొదటి ప్రశ్నకు రాతపూర్వక జవాబు వచ్చాక, ఎండార్స్‌మెంట్ల జాబితా ఉన్న పేజీలను మీ పేరు, పాలసీ నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ప్రతి పేజీ చదివి ఏది ఉందో, ఏది లేదో చెబుతాను. అప్పటిదాకా ఆ మినీవ్యాన్‌ను మాత్రం ట్రిప్పుకి తీయకండి.